పదకొండు నెలల కాగితం

నేను ఒక అద్దె కాగితాన్ని. నన్ను సంచిలో సర్దిన పొద్దుటి నుంచే మొదలుపెడతాను. అంతకుముందు నాకు ఎవరి మీదా బెంగ లేదు.

వెనక వాటాలో అద్దెకుండి బట్టలు కుట్టే షమీమ్ రెండు చీరలు, పుట్టబోయే బిడ్డకి తను కుట్టిన ఆరు జుబ్బాలు, వాము డబ్బా సంచిలో పెట్టి, అన్నిటి మీదా నన్ను పెట్టింది. కూతురి పురుటికి గుంటూరు ప్రయాణం. గుమ్మంలో నిలబడ్డ ఇంటి సొంతదారు పైడితల్లి నన్ను చూసి తెల్లబోయింది. ఎందుకో చెబుతాను.

నా పుట్టుక గొప్పదే. వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. విజయనగరంలో దస్తావేజులు రాసే బుచ్చిలింగం బల్ల మీదకు చేరాను. ముప్పై ఏళ్లుగా అమ్మకం దస్తావేజులు రాసిన చెయ్యి ఆయనది. వెనక వాటా పదకొండు నెలల అద్దెకు అని చక్కగా మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి చెయ్యి పాత దారిలో పడిపోయింది. 'దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా సుఖాన అనుభవించవలసినది' అని రాసేశాడు. ఎవరూ చదవలేదు. టీ చల్లారేలోగా సాక్షులిద్దరూ సంతకాలు పెట్టేశారు. మనుషులు వంకాయ కొనేటప్పుడు నాలుగు వైపులా తిప్పి చూస్తారు. కాగితాన్ని మాత్రం చూడరు.

నేను షమీమ్ దగ్గరుండిపోయాను. నా జెరాక్సు నకలు పైడితల్లికి దక్కింది. ఆవిడ బడికి వెళ్లలేదు. పకోడీల పొట్లాల మీద అక్షరాలు నేర్చిన మనిషి. మూడో నెలలో ఒక మధ్యాహ్నం తోచక నకలు తీసి కూడబలుక్కుంది. 'సర్వ హక్కులతో' దగ్గర గుండె ఆగినంత పనయింది. మొగుడు పోయాక మిగిలింది ఆ రెండు వాటాల పెంకుటిల్లే.

పరుగున వెళ్లి రాసినాయన్నే అడిగింది.

"ఇల్లెక్కడికీ పోదమ్మా," అన్నాడు బుచ్చిలింగం నాలిక కరుచుకుని. "సొంతదారంటే అమ్ముకోగలిగిన మనిషి. అద్దెదారంటే గడువు దాకా ఉండగలిగిన మనిషి. రిజిస్టరు కాని కాగితంతో ఇల్లు చేతులు మారదు."

"అయితే ఆ ముక్క కొట్టేయ్ బాబూ."

"నేనొక్కణ్ణే కొట్టేస్తే ఎలా? రాసుకున్నవాళ్లు ఇద్దరూ రావాలి."

షమీమ్‌ని పిలిస్తే నవ్వింది. "యూనిఫారాల రోజులక్కా, మిషను వదిలి ఎక్కడికి రాను? అయినా ఇప్పుడు ఇల్లు నాది. పప్పులో ఉప్పు తగ్గిందంటే నిన్ను ఖాళీ చేయించేస్తా!"

పైడితల్లీ నవ్వేది. రోజూ గిన్నెడు పప్పు పంపేది. తర్వాత వీధి తలుపు గడియ రెండుసార్లు చూసుకునేది.

ఇక ఆ పొద్దుట.

"ఏటే షమీమూ, పురుటికి కాగితం ఏటికే?"

"నలభై రోజులక్కా. ఈలోగా నా వాటా ఇంకెవరికో ఇచ్చేస్తే? ఇది చూపించి పోట్లాడొద్దూ?"

పైడితల్లి నవ్వలేదు. ఆ మొహం చూసి షమీమ్ కూడా ఆటలు మానేసింది. నన్ను సంచిలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇంత దిగులు పెట్టుకున్నావా? చింపేయ్."

పైడితల్లి నా రెండు అంచులూ పట్టుకుంది. చిటుక్కుమన్నాను కూడా. అప్పుడావిడ చూపు సంచిలో పైకి కనబడుతున్న బిడ్డ జుబ్బాల మీద పడింది. వేళ్లు వదులయ్యాయి.

"ఇద్దరం వెళ్లాలన్నాడు కదే. నువ్వొచ్చాక వెళ్దాం. అందాకా నీ వాటాకి నీ తాళమే ఉంటాది."

"సరే, నా ఇల్లు జాగ్రత్త!" అంటూ షమీమ్ ఆటో ఎక్కింది.

ఇప్పుడు నేను పైడితల్లి ట్రంకు పెట్టెలో ఉన్నాను. నా గడువు ఎప్పుడో తీరింది. ఏ కోర్టుకెళ్లినా ఇల్లు ఆవిడదే. అయినా వెనక వాటాకి ఆ తాళమే ఉంది. ఓ పక్క కొంచెం చినిగి, నేనూ అలాగే ఉన్నాను.

షమీమ్ తిరిగి రాలేదు. రెండు వేల పన్నెండు ఆగస్టు తొమ్మిదిన గుంటూరులో జ్వరంతో పోయింది.