ఆడవాళ్ళకు ఎడమ చెయ్యి

సుభాషిణి మామగారు బ్రహ్మానందంగారికి చెడ్డ అలవాట్లు లేవు. చుట్ట లేదు, పేకాట లేదు. ఏదో ఒకటి ఉంటే బాగుండేదని కోడలు అప్పుడప్పుడూ అనుకునేది. అప్పుడు కనీసం చేతులు ఖాళీగా ఉండేవి కావు. ఆ ఖాళీ చేతులతో ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ మణికట్టూ పట్టుకుని నాడి చూసేవారు. పాలవాడు గిన్నెలో పాలు పోసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే దొరికిపోయేవాడు. గురజాలలో "పైత్యం చేసిందిరా నీకు" అనిపించుకోకుండా ఆ వీధి దాటినవాళ్ళు తక్కువ. కోడలి చెయ్యి పట్టుకోకూడదన్న మర్యాద ఒక్కటే సుభాషిణిని కాపాడింది.

అది ఆయనకు వాళ్ళ తాతగారు నేర్పిన విద్య. మగవాళ్ళకు కుడి చెయ్యి, ఆడవాళ్ళకు ఎడమ చెయ్యి. మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకోవాలి. పైగా ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు గనుక, ఒకసారి తీర్పు చెప్పాక అప్పీలుండదు.

ఎనభై ఆరులో, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో అత్తగారు వీరరాఘవమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. శనివారం ఒక్కపొద్దు, నడినెత్తిన ఎండ, చుట్టూ మిరప ఘాటు. ఎవరైనా కూలబడతారు. బ్రహ్మానందంగారు పరుగున వెళ్ళి ఎడమ చెయ్యి పట్టుకున్నారు. ఊరందరి చేతులూ పట్టుకున్న మనిషికి భార్య చెయ్యి అంతవరకూ చిక్కలేదు. తెల్లారితే ఆవిడ చేలో ఉండేది. నాడి దారప్పోగంత కూడా తగల్లేదు. మర్నాడూ అంతే. గుండె నీరసించిందని తేల్చేశారు.

ఆవిడకు మంచం వేశారు. ఉప్పూ కారం బందు చేశారు. చూసుకునే మనిషి లేరు గనుక చేను మాచవరం బాబూరావుకు కౌలుకిస్తానన్నారు, ఉగాది లోపల మాట చెబుతానని.

"చేను పోయినాక ఈ గుండె ఎందుకే నాకు?" అంది వీరరాఘవమ్మ, మజ్జిగన్నం అడుగున కోడలు దాచిపెట్టిన గోంగూర పచ్చడి నంజుకుంటూ.

అత్తగారు అలా గొంతు తగ్గించి మాట్లాడటం సుభాషిణి ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే అబిదా దగ్గరకు వెళ్ళింది. అబిదా ఆమెతో పాటు ఇంటరు చదివి, తర్వాత డాక్టరై, బస్టాండు వెనక ఆసుపత్రి పెట్టింది. పై చదువు కోసమని గుంటూరు నుంచి ఒక పెట్టె తెచ్చుకుంది. దాని క్లిప్పు వేలికి తగిలిస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేల్లోకి వచ్చే రక్తపు అలను ఒక ముల్లు కాగితం మీద గీస్తుంది. సూది లేదు, రక్తం తీసేది లేదు.

"మామయ్యగారూ, అబిదా దగ్గరికి నాడి చూసే మిషను వచ్చిందట. అది మీ ముందు నిలుస్తుందో లేదో చూడాలని ఆ అమ్మాయికి ఆశగా ఉందట," అంది సుభాషిణి. అబిదా అలా అనలేదు. మాట పూర్తయ్యేసరికి ఆయన ఇస్త్రీ కండువా వేసుకుని గుమ్మంలో ఉన్నారు.

అత్తగారినీ రిక్షా ఎక్కించింది. ఆసుపత్రిలో అబిదా ముందు ఆవిడ గుండె స్టెతస్కోపుతో విన్నది, బీపీ చూసింది, ఈసీజీ తీసింది. ఆఖర్న పెద్దావిడ ఎడమచేతి వేలికి క్లిప్పు పెట్టింది. ముల్లు కదిలింది. ఒకదాని వెనక ఒకటి గీతలు నిటారుగా లేచి, మెల్లగా దిగుతున్నాయి. దిగే దారిలో ప్రతి గీతా బిందె చంకనెత్తుకున్న మనిషిలా ఒక్క క్షణం ఆగి మళ్ళీ దిగుతోంది.

"చానా బాగుంది పెద్దమ్మా. మిగతా పరీక్షల్లోనూ ఏం తేడా లేదు."

"నీ మిషనుకి జ్వరమొచ్చిందమ్మాయ్," అన్నారు బ్రహ్మానందంగారు. "ఆ చేతిలో నాడే లేదు."

"నాడి లేకపోతే ఈ గీతలు ఎక్కడివి బాబాయ్‌గారూ? కుడి చెయ్యి చూశారా?"

"ఆడవాళ్ళకు కుడి చెయ్యి చూడకూడదు."

బల్ల మీద పడుకున్న వీరరాఘవమ్మ తల తిప్పింది. "నా చేను కౌలుకిచ్చేదానికి ఏ శాస్త్రమూ అడ్డం రాలా. చెయ్యి పట్టుకునేదానికి వచ్చిందా? పట్టుకోండి, కరవను."

ఆయన పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. వేళ్ళ కింద నాడి దరువేస్తోంది.

అప్పుడు అబిదా ఆయన వేళ్ళు తీసి, ఆవిడ ఎడమ మణికట్టు వెనకవైపు, బొటనవేలి మొదట్లో పెట్టింది. అక్కడా అదే దరువు. "కొందరికి పుట్టుకతోనే నరం ఇట్లా వెనక్కి తిరిగి పోతుంది. మీరు వెతికిన చోట లేదు, అంతే. ఆ రోజు పడిపోయింది ఎండకీ ఒక్కపొద్దుకీ."

తిరిగొచ్చేటప్పుడు ఆయన రిక్షావాడి చెయ్యి కూడా పట్టుకోలేదు.

ఇంటి అరుగు మీద బాబూరావు కూర్చుని ఉన్నాడు. "మాట కనుక్కుని పోదామని వచ్చా బాబాయ్."

"చేను ఇవ్వడం లేదురా."

"ఏంది, మొన్న ఇస్తానంటివే! పిన్నికి గుండె బాలేదంటివి గదా?"

"తగ్గింది."

గుమ్మంలో వీరరాఘవమ్మ గొంతు సవరించుకుంది. మంచినీళ్ళ చెంబుతో వచ్చిన సుభాషిణి, ఇస్తే బాబూరావు తాగి వెళ్ళిపోతాడని చెంబు పట్టుకునే నిలబడింది.

బ్రహ్మానందంగారు కోడలి వంక చూశారు, చెంబు వంక చూశారు. తప్పించుకునే దారి లేదు.

"తగ్గేదేందిరా," అన్నారు, ఎదురింటి దాకా వినపడేలా. "అసలు జబ్బే లేదు. నేనే తప్పు చూశాను."