బాంబు అడగని జీతం

మాదాపూర్‌లో చాయ్ బండి దగ్గర ఉగ్రవాదులు పెట్టిన బాంబు ఇద్దరిని ఒక్కసారే తీసుకుపోయింది. ఒకరు బండి నడిపే రామన్న. రెండోవాడు ఆయన చేతిలోంచి గ్లాసు అందుకోబోతున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు వినయ్. బాంబుకు కనిపించని తేడా ప్రభుత్వానికి కనిపించింది. వినయ్ కుటుంబానికి ఇరవై ఐదు లక్షలు, రామన్న కుటుంబానికి ఐదు.

“లెక్క ప్రకారమేనమ్మా,” అన్నాడు పరిహారం చూసే అధికారి ఓంకార్, రామన్న భార్య సత్తెమ్మతో. “పోయినాయన బతికుంటే ఎంత సంపాదిస్తుండెనో చూస్తం. ఆ పిల్లగానికి ప్రమోషన్లుంటయి, జీతంల హైకులుంటయి. మీ ఆయనకేముంటయి?”

“హైకులు లేకుంటేంది సారూ, కేకులుండె. బిస్కిట్లు గూడ అమ్ముతుండె. అయినా ఆ బాంబేమన్న జీతం అడిగి పేలిందా?”

ఓంకార్ ఇలాంటప్పుడు అధికారులు చేసే పనే చేశాడు, మాట మార్చాడు.

“రేపు మీటింగుంది. మంత్రిగారు చెక్కులిస్తరు. తెల్లచీర కట్టుకొని రా, ఫొటోల మంచిగుంటది.”

ఐదు తక్కువని కాదు సత్తెమ్మ బాధ. నలుగురిలో ఒకడిగా బతికిన మనిషి, పోగానే ఐదింట ఒక వంతయ్యాడే అని. ఖాజాగూడలో ఇల్లు చేరగానే వినయ్ తల్లి ఓబులమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పుకుంది. కడప నుంచి వచ్చి కొండాపూర్‌లో కూతురి దగ్గర ఉంటోందామె. దవాఖానలో శవాల గది ముందు, ఒకే బెంచీమీద కలిసిన స్నేహం.

“అట్లనా? సరేమే, పొద్దున సూద్దాం,” అని ఓబులమ్మ ఫోన్ పెట్టేసింది. ఇంతేనా అనుకుంది సత్తెమ్మ.

మరునాడు వేదిక మీదికి చెక్కు వచ్చింది. చెక్కా అది? తలుపు చెక్క! అసలు డబ్బు తర్వాత బ్యాంకులో పడుతుంది, ఈ తలుపంత అట్ట ఫొటోకు. ఒక కొస మంత్రిగారు, ఇంకో కొస పుచ్చుకునేవాళ్ళు పట్టుకోవాలి. రెండో కొస ఎవరూ పట్టకపోతే అది పరిహారం కాదు, మంత్రిగారు అట్ట మోస్తున్నట్టు.

మొదట ఓబులమ్మను పిలిచారు. మంత్రిగారు తన కొస పట్టి నవ్వు సిద్ధం చేసుకున్నారు. ఓబులమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

“పట్టుకో తల్లీ.”

“పట్టుకోను నాయనా. సత్తెమ్మకెంత?”

మంత్రి ఓంకార్ వైపు చూశారు. ఓంకార్ ఫ్యాను వైపు చూశాడు.

“ఐదు సార్.”

“మావాడు దినామూ ఫోన్లో చెప్తాండె, రామన్న చాయ్ తాగందే బుర్ర పనిచెయ్యదు మా అని. వాని ప్రమోషన్లో ఆయప్ప చాయ్ ల్యాదా? ఇద్దరికీ ఒకటే ఇయ్యి. ల్యాకుంటే ఈ చెక్క నువ్వే మోసుకో.”

కింద కూర్చున్న సత్తెమ్మ లేచి నిలబడింది. తను చెప్పుకున్న మాటకు ఈమె సొమ్ము గూడ పోయేట్టుంది.

“అక్కా, తీస్కో! నా కొరకు నీది పోగొట్టుకోకు!”

“నువ్వు గమ్మునుండుమే!”

మంత్రిగారి నవ్వు ఎండిపోయింది. ఒక విలేకరి అడగనే అడిగాడు: “సార్, చెక్కు బౌన్స్ అయినట్టేనా?”

హాలంతా గొల్లుమంది. మంత్రిగారు గబుక్కున మైకు అందుకున్నారు. “మా ప్రభుత్వానికి అందరూ సమానమే. రామన్న కుటుంబానికీ ఇరవై ఐదు లక్షలే. ఇవ్వాళే ఉత్తర్వులిస్తాం!” పుట్టినప్పటినుంచీ తన ఆలోచన అదే అన్నట్టు చెప్పారు. అప్పుడు గాని ఓబులమ్మ చేతులు కొంగులోంచి బయటికి రాలేదు.

తర్వాత సత్తెమ్మ వంతు. ఓంకార్ మార్కర్ పెన్నుతో పరుగెత్తుకొచ్చి, ఆమె అట్టమీద ఐదుకు ముందు రెండు గీశాడు. చప్పట్లు. కెమెరాలు లేచాయి. సత్తెమ్మ చెయ్యి అట్టదాకా వెళ్ళి ఆగింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

“సారూ, అంకెల మంచిగనే పెరిగింది. కింద అక్షరాలా ఐదు లక్షలే అని ఉన్నది.”

ఓంకార్ మళ్ళీ మార్కర్ తీసి, అక్షరాలు దిద్దడానికి మోకాళ్ళమీద కూర్చున్నాడు. అట్ట కదలకుండా మంత్రిగారే రెండు చేతులా పట్టుకున్నారు. కెమెరాలన్నీ ఒక్కసారిగా మెరిశాయి.

“జల్దీ కానియ్యవయ్యా,” పళ్ళ మధ్యనుంచి అన్నారు మంత్రి.

“ఫికర్ లేదు సారూ, నిమ్మళంగ రాయి,” అంది సత్తెమ్మ. “పైన మా ఆయన పేరున్నది. ఖరాబు చేయకు.”