పైపలక దాకా నీళ్లు

ఆదివారం తెల్లారేసరికి నోర్‌విక్ రేవులో గుడిపడవ సిద్ధంగా ఉండేది. సిల్యాన్ సరస్సుకి ఇవతల ఊరు, అవతల ప్రభువు గుడి. ఆడవాళ్లు పాత జోళ్లు తొడుక్కుని, మంచి జోళ్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. మగవాళ్లు తెడ్లు అందుకునేవాళ్లు. వాళ్లందరికన్నా ముందొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడేవాడు సరంగు యెర్క్. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడం అతని పని.

అదేం చిన్న పని కాదు. ఆ పడవ మనుషుల ఒంటి బరువుకి దిగేది కాదు, వాళ్ల పాపాల బరువుకి దిగేది. ఎండుపుల్లలాంటి ముసలమ్మ కాలు పెడితే ఓ పక్కకి ఒరిగిపోయేది. పీపాలాంటి కమ్మరి హాల్వర్ ఎక్కితే ఒక్కో వారం కదిలేదే కాదు. తాతలనాటి నుంచీ అంతే. చలికి నీళ్లు గడ్డకట్టడం ఎలాగో ఇదీ అలాగే గనక, దాన్ని గురించి ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు.

"మార్గిత్ వదినా, నువ్వు ముందుకెళ్లు. ఎడం పక్క."

కమ్మరి పెళ్లాం మార్గిత్ నడుం మీద చెయ్యేసుకుంది. "పోయిన వారం మధ్యలోనే గదా కూర్చున్నాను!"

"పోయిన వారం మీ తోడికోడలు ఊళ్లో లేదు."

పడవంతా ఘొల్లున నవ్వింది. మార్గిత్ కూడా నవ్వుతూనే ముందుకెళ్లింది, పోతూ పోతూ "ఈ సరంగు గారిని ఎవరు తూస్తారో" అని అందరికీ వినబడేలా గొణిగింది.

ఆ మాటకి యెర్క్ ఉలిక్కిపడేవాడు కాదు. ఎందుకంటే అతను నిలబడే చుక్కాని కొన ఎప్పుడూ నీళ్లకి జానెడు పైనే ఉండేది. ఊరంతా చూస్తున్న సంగతే. బరువైనవాళ్లనల్లా ముందువైపు కుక్కితే వెనకవైపు దానంతటదే లేస్తుందని అతనికి మొదట్లో తెలుసు. ఏళ్లు గడిచేసరికి ఆ తెలిసింది కాస్తా మర్చిపోయి, తాను తేలికైనవాణ్ణనే నమ్మేశాడు పాపం. గుడిలో అందరితోపాటు ఒప్పుకోలు ప్రార్థన చదివేవాడు. కడుపులో ఉన్ననాడే పాపం అంటుకుందన్న మాట రాగానే కళ్లు పక్క బల్లల మీదకి పోయేవి.

పడవకి అతను పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎవరు ఎక్కితే నీళ్లు పడవ అంచు కిందున్న పైపలకని తాకుతాయో వాళ్లు దిగిపోవాలి, సరస్సు చుట్టూ అడవిదారిన నడిచి రావాలి. ఆ కట్టుబాటు వల్ల దిగిపోయింది ఇంతవరకూ ఒక్క మనిషే. అతని సొంత అక్క గోలిన్.

చెట్టుబెరడు దంచి రొట్టెలో కలుపుకున్న కరువు సంవత్సరం అది. ఓ బిచ్చగత్తె చంటిబిడ్డ కోసం పాలడిగితే గోలిన్ లేవని తలుపేసుకుంది. పాలున్నాయి. తెల్లారి చూస్తే గుమ్మం బయట మంచులో తల్లీ బిడ్డా బిగుసుకుపోయి ఉన్నారు. ఆ ఆదివారం గోలిన్ పడవెక్కగానే నీళ్లు గబగబా లేచి పైపలకని ముట్టుకున్నాయి. జనం గోలపెట్టారు. యెర్క్ అక్క మొహంలోకి చూడకుండానే "దిగు" అన్నాడు. ఆమె దిగింది. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చీకటుండగానే బయల్దేరి నడుస్తూనే ఉంది. గుడి దాకా వెళ్లేది, వాకిట్లోనే నిలబడేది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం వెళ్లేది కాదు.

నడివేసవి పండగ వచ్చింది. ఆ రోజు గుడిలో ప్రభువు బల్ల ఉంది. పడవ అంచులకి లేత బర్చ్ చెట్టు కొమ్మలు కట్టారు. కానీ పడుచుపిల్లలూ కోడళ్లూ పశువులని తోలుకుని కొండమీది మేతలకి పోయారు. మిగిలింది తెడ్లు వేసే నలుగురైదుగురు మగవాళ్లూ, మార్గిత్తూ, బాప్తిస్మానికి బిడ్డనెత్తుకొచ్చిన ఎల్నా. ఆ పిడికెడు పసిగుడ్డు ఎక్కగానే పడవ కాస్త దిగింది.

"అయ్యో, ఇదేం చేసిందమ్మా అప్పుడే!" అంది ఎల్నా బిడ్డ బుగ్గ నిమురుతూ.

"ఏం చెయ్యక్కర్లేదు. మన కడుపున పుట్టింది గదా," అంది మార్గిత్. "బాప్తిస్మమయ్యి తిరిగొచ్చేటప్పుడు చూద్దువుగాని, ఈకలా ఉంటుంది."

అందరూ కూర్చున్నాక యెర్క్ చుక్కాని దగ్గర కాలు పెట్టాడు. ముందువైపు పైకి లేచింది. వెనకవైపు దిగింది, ఇంకా దిగింది. నీళ్లు తారు పూసిన పలకలు ఒక్కొక్కటే ఎక్కుతూ వచ్చి పైపలకని తాకి ఆగాయి.

యెర్క్‌కి తల కొట్టేసినట్టయింది.

"గాలి అటువైపుంది," అన్నాడు హాల్వర్ నీళ్లకేసి చూస్తూ. "నువ్వొచ్చి మధ్యలో కూర్చో మావా, సరిపోతుంది."

"కట్టుబాటు కట్టుబాటే," అన్నాడు యెర్క్. చుక్కాని హాల్వర్ చేతిలో పెట్టి దిగాడు. మిగిలినవాళ్లు ఒడ్డు పొడుగునా మెల్లగా తెడ్లేసుకుంటూ పోయారు.

అడవిదారి అతనెప్పుడూ నడవలేదు. బురదనేలలో అడుగులేయడానికి ఎవరో రాళ్లు పరిచారు. వాగు మీద దుంగ పడేసి ఉంది. ఏటవాలులో చేత్తో పట్టుకుని ఎక్కడానికి కొమ్మలు కట్టి ఉన్నాయి. నిజానికి అది ఒక్క మనిషి కాళ్లతో పడిన దారి. సగం దూరంలో, సరస్సు కనబడేచోట, ఓ బండ మీద గోలిన్ కూర్చుని ఉంది. ఎడమకాలు మోకాలి దాకా పొంగిపోయింది.

ఆమె తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది. "పైపలకా?" అంది.

"ఆఁ."

"కూర్చో." పక్కకి జరిగింది. మూటలోంచి రొట్టె తుంచి ఇచ్చింది. "ఈ కాలు ఇంక మొయ్యదురా. ఈసారైనా బల్ల దాకా వెళ్దామనుకున్నాను. ఇక్కడి దాకానే రాసిపెట్టినట్టుంది."

"ఇన్నేళ్లూ వాకిట్లోనే ఆగిపోయావేం అక్కా?"

"పడవే దింపేసింది. బల్ల మాత్రం దింపెయ్యదా?"

యెర్క్ రొట్టెముక్క ఒళ్లో పెట్టుకున్నాడు.

"పడవ దింపలేదక్కా. నేను దింపాను. నీళ్లు పైపలకని తాకాయి, అంతే. ఆ తర్వాత ఏమయ్యేదో నేను చూడనేలేదు. ఆ బిచ్చగత్తె మొదట నా గుమ్మంలోకే వచ్చింది. మా ఇంట్లోనూ పాలున్నాయి. మా అక్కావాళ్ల ఆవు ఈనింది, అక్కడికి పో అన్నాను. నీ దగ్గరికి పంపింది నేనే. నీళ్లు లేచింది నీ ఒక్కదానికేనా, నాకు కూడానా అని ఊరు చూస్తుందేమోనని భయమేసింది. అందుకే గబుక్కున దింపేశాను."

గోలిన్ అతని చెంప ఛెళ్లుమనిపిస్తుందనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టుకుంటూనే, "దాని బిడ్డ ఎర్రటి టోపీ పెట్టుకుంది, చూశావా?" అంది.

"చూశాను."

"ఇంతకాలం ఆ టోపీ నాకొక్కదానికే తెలుసనుకున్నాను."

ఇద్దరూ ఏడ్చారు. ముసలివాళ్లు ఏడిస్తే చూడ్డానికి బాగోదు, కానీ అక్కడ చూసేవాళ్లు లేరు.

ఎదురుగాలికి పడవ ఒడ్డు పక్కగానే వస్తోంది. యెర్క్ లేచి టోపీ ఊపాడు. పడవ దగ్గరికొచ్చింది.

"మా అక్కని ఎక్కించుకోండి. నడవలేదు. కట్టుబాటు నేను పెట్టిందే, నేనే తీసేస్తున్నాను."

"మరి నువ్వో?" అన్నాడు హాల్వర్.

"నేను నడుస్తాను."

"నువ్వు ఎక్కకపోతే నేనూ ఎక్కను," అంది గోలిన్.

తెడ్లవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరూ ఎక్కితే ఏమవుతుందో అడగక్కర్లేదు. లోపల పసిబిడ్డ ఉంది. అందరి చూపూ ఎల్నా మీదకి పోయింది. ఆమె బిడ్డని గుండెకి హత్తుకుని ఓ క్షణం కళ్లు మూసుకుంది.

"ఎక్కించండి. నా బిడ్డ బరువు మీరు మొయ్యడంలా?"

గోలిన్ ఎక్కింది. యెర్క్ ఎక్కాడు. నీళ్లు పలకలెక్కాయి. పైపలకని దాటాయి. అంచుకొచ్చాయి. అంచు దాటి వేలెడు పైకి లేచాయి. బర్చ్ ఆకులు నీళ్లలో మునిగి ఊగాయి. కానీ ఒక్క బొట్టు కూడా లోపలికి రాలేదు. పడవ చుట్టూ నీళ్లు అలాగే నిలబడిపోయాయి, ఎవరో అరచెయ్యి అడ్డంపెట్టి ఆపినట్టు.

చేపపిల్ల ఒకటి మార్గిత్ మోచేతి పక్కనుంచి ఈదుకుంటూ పోయింది. ఆమె దాన్ని చూసి, మగవాళ్లవైపు తిరిగి, "కూర్చున్నారేం? తెడ్లెయ్యండి, గంట కొట్టేస్తారు," అంది.

ఆ రోజు గోలిన్ వాకిట్లో ఆగలేదు. తమ్ముడి భుజం పట్టుకుని కుంటుకుంటూ ముందున్న బల్ల దాకా వెళ్లి మోకరించింది. పక్కన యెర్క్ మోకరించాడు. ఒప్పుకోలు మాటలు చదివేటప్పుడు అతను ఎవరివైపూ చూడలేదు. తలెత్తలేకపోయాడు. రొట్టె చేతికిచ్చినప్పుడు పాస్టరుగారు వాళ్లనేమీ అడగలేదు.

తర్వాతి ఆదివారం మార్గిత్ జోళ్లు చంకన పెట్టుకుని రేవుకొచ్చి, అలవాటుగా గట్టు మీదే నిలబడింది.

"ఏం సరంగు గారూ, ఈవారం నేనెక్కడ?"

యెర్క్ అప్పటికే పడవలో ఉన్నాడు, గోలిన్ కాలు చాపుకోవడానికి చోటు చేస్తూ. పైపలక అప్పుడే తడిసింది. అతను తలెత్తకుండానే అన్నాడు:

"చోటెక్కడుంటే అక్కడ కూర్చో వదినా."