ఆదివారం లేని మనుషులు

సిరొంచ ఆఫీసు వసారాలో అందరి ముందు పోశక్కను దొంగ అన్నారు. గుమ్మం దగ్గర నిలబడి మేమంతా విన్నాం.

పోశక్క మా ఊరి కుంట తవ్వే పనికి మేట్. రోజ్‌గార్ హామీ, అంటే ఉపాధి హామీ, కూలీలకు హాజరు వేసేది ఆమే. ఇదివరకు తనిఖీ అంటే సాహెబు ఊరికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి అడిగేవాడు. 2009లో ఆ పని కంప్యూటర్‌కు అప్పగించారు. ఆదివారం సెలవని దానికి నేర్పారు. మా అడవి పల్లెల్లో బుధవారం అంగడి, ఆ రోజే సెలవు. ఆదివారం మట్టి తవ్వుతాం. కంప్యూటర్ మా ఆదివారాలన్నీ దొంగ హాజరని తేల్చింది.

"అంగడినాడు పనికొస్తే ఉప్పు, నూనె ఎవలు తెస్తరు సారూ? మీ కంప్యూటర్ తెస్తదా?" అన్నాడు మాతో మట్టి తవ్వే సాంబన్న.

సాహెబు నవ్వలేదు. యంత్రం అబద్ధమాడదన్నాడు. కుంట దగ్గరికి వచ్చి చూడమంటే, ఇక చూడాల్సిన అవసరం లేదన్నాడు. పోశక్క మీద కేసు పెడతామన్నాడు.

బయట ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్ సచిన్ మెల్లగా ఒక దారి చెప్పాడు. ఆదివారాలను బుధవారాలుగా మార్చి రాసిస్తే కంప్యూటర్ ఒప్పుకుంటుంది. కేసుండదు.

సాయంత్రం ఊరంతా కూర్చుంది. మార్చేద్దామని కన్నయ్య పట్టుబట్టాడు. పోశక్క జైలుకు పోతే పిల్లలను ఎవరు చూస్తారని అడిగాడు. చాలామంది తలలూపారు. పోశక్క కన్నయ్య వైపు తిరిగింది.

"ఐతారాలు మేం పనిల లేమని ఇయ్యాల రాసిస్తం. రేపు సాహెబు కుంటనే లేదంటడు. అప్పుడేం రాసిస్తవ్ బావా?"

తేదీలు మార్చొద్దని కన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. ఆదివారం పని ఆపేది లేదని అందరం అనుకున్నాం. ఆదివారం మా కుంట దగ్గరికి రమ్మని పక్క పల్లెలకు కబురు పంపాం.

ఆదివారం పోలీసు జీపు నేరుగా కుంట మీదికే వచ్చింది. పోశక్కను ఎక్కించారు. మేం పారలు, గంపలు వదిలేసి బాటకు అడ్డంగా కూర్చున్నాం. జరగమని ఇన్‌స్పెక్టర్ లాఠీ ఎత్తాడు. ముందు వరుసలో కూర్చున్న ముసలి ముత్తక్క కదల్లేదు.

"మేం ఈడ లేం గద సారూ. ఇయ్యాల ఐతారం. మీ కంప్యూటర్‌నే అడుగుండ్రి. ఎవలు లేని బాట, పోనియ్యుండ్రి జీపు."

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. జీపులోంచి పోశక్క గొంతెత్తి హాజరు పిలవడం మొదలుపెట్టింది.

"సాంబన్న."

"ఉన్న."

"కన్నయ్య."

"ఉన్న."

నా పేరు వచ్చింది. ఎప్పుడూ నా గొంతు పక్కవాళ్లకు కూడా వినబడదు. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ తిరిగి చూశాడు. మా వెనక, పారలు భుజాన వేసుకుని వస్తున్న పక్క పల్లెలవాళ్లు తమ పేర్లు పిలిచేదాకా ఆగలేదు.

"ఉన్నం."