నోటితో చెప్పాలి

"గొంతు నొప్పిగా ఉందా?"

మంచం మీది ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"తల ఊపితే కుదరదు బాబాయ్. నోటితో చెప్పాలి."

"లేదమ్మా తల్లీ, లేదు. పొట్ట కోసి గొంతు సంగతి అడుగుతావేంటి?"

గొంతక్క నవ్వి, కాగితం మీద గీత పెట్టుకుని పక్క మంచానికి జరిగింది. ఆ పేరు నర్సులు పెట్టింది. ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి కళ్ళు తెరిచే ప్రతి మనిషికీ మొదట కనిపించేది ఆవిడే. గుండ్రటి మొహం, చెమటకి జారిపోయే కళ్ళజోడు, ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం కోటు.

మత్తులో ఉన్న మనిషికి ఊపిరి అందడానికి నోట్లోంచి గొంతు వెనక్కి ఒక మెత్తటి గొట్టం దించుతారు. మాస్కు అంటారు గానీ మొహానికి పెట్టేది కాదు, స్వరపేటిక మీద మూతలా కూర్చుంటుంది. అందులో రెండు రకాలు. ఏ రకం గొంతును తక్కువ బాధపెడుతుందో తేల్చడానికి మత్తు డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. ఎవరికి ఏది పెట్టారో అడిగే మనిషికి తెలియకూడదు. గొంతు బొంగురుపోయిందేమో వినాలి కాబట్టి జవాబు మాటల్లోనే రావాలి. సాయంత్రం ఇంకోసారి అడగాలి. ఇదీ గొంతక్క ఉద్యోగం. నవ్వుతారని ఎక్కడా చెప్పుకోదు.

ఆ పొద్దున ఆపరేషన్ల జాబితాలో ఆవిడకి అన్నయ్య పేరు కనిపించింది. హెర్నియా.

అన్నయ్య ఆవిడతో మాట్లాడి ఏళ్ళయింది. అమ్మకి ఊపిరి అందనప్పుడు, గొట్టం వేసి మెషిను పెట్టమంటారా అని డాక్టర్లు అడిగితే, పక్కన ఉన్నది గొంతక్క ఒక్కతే. ఆ గొట్టాలతో మనుషులు పడే అవస్థ రోజూ చూస్తున్న మనిషి. వద్దంది. అన్నయ్య వచ్చేసరికి అమ్మ లేదు. "ఒక్కరోజు ఆపి ఉంటే నాతో ఒక్క మాటైనా మాట్లాడేది కదే," అని నెత్తి కొట్టుకున్నాడు. గొట్టం ఉంటే మాట రాదని చెప్పబోయింది. వినలేదు. ఇక నీకూ నాకూ మాటల్లేవన్నాడు, అన్నంత పనీ చేశాడు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. "ఈయన మా అన్నయ్యండీ. ఇంకెవరినైనా అడగమనండి."

"అడిగే మనిషి మారితే ఎలాగమ్మా? అందరినీ ఒకరే అడగాలని కదా మనం రాసుకుంది. ఒక్క ప్రశ్నేగా."

ఆవిడ మళ్ళీ బతిమాలలేదు. నిజానికి బతిమాలాలని లేదు. ఎంత మొండివాడైనా జవాబు నోటితో చెప్పాలి. ఒక్క "లేదు" అనక తప్పదు. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం అన్నయ్యని తోసుకొచ్చారు. జుట్టు తెల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదానికి గోళ్ళు పెరిగిపోయి ఉన్నాయి. వదిన ఏం చేస్తోందని కోపమొచ్చింది. అలా కోప్పడే చనువు ఎప్పుడో పోయిందని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వదిన తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఈవిణ్ణి చూసి తల దించుకుంది.

"గొంతు నొప్పిగా ఉందా?" అందరినీ అడిగినట్టే అడగాలనుకుంది గానీ, అడుగుతూనే దుప్పటి లాగి ఆ పాదం మీద కప్పింది.

అన్నయ్య రెప్పలు కొంచెం తెరుచుకున్నాయి. "లేదు బుజ్జీ," అన్నాడు ముద్దముద్దగా. "నొప్పేం లేదు. అమ్మకి చెప్పకు."

చిన్నప్పుడు గోడ మీంచి పడ్డా, సైకిలు మీంచి పడ్డా మోచేతులు దులుపుకుంటూ అదే మాట అనేవాడు.

"చెప్పను అన్నయ్యా," అంది. ఆ మాట వినకముందే అతను మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

తర్వాతి మంచాల దగ్గర ప్రశ్న ఎలా అడిగిందో ఆవిడకే తెలియదు. "ఏంటక్కా, నీకూ కాస్త మత్తు తగిలిందా?" అని ఒక నర్సు ఆటపట్టించింది.

సాయంత్రం మొహం కడుక్కుని, జుట్టు సవరించుకుని వార్డుకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది.

"వెళ్ళిపోయారక్కా," అంది వార్డు నర్సు. "మధ్యాహ్నం నన్ను పలకరించిందెవరని వాళ్ళావిణ్ణి అడిగారు. ఆవిడ చెప్పింది. అంతే, చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. ఈ పరిశోధనలో ఉండనని సంతకం కూడా పెట్టేశారు."

"నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదక్కా."

డాక్టరుగారికి ఫోను చేసింది. "తప్పుకున్నవాళ్ళ జవాబులు వాడకూడదమ్మా. ఆయన తీసెయ్యమంటే తీసెయ్యాల్సిందే. మధ్యాహ్నందీ కొట్టెయ్యండి," అన్నారాయన.

నిలబడే కొట్టేసింది. "బుజ్జీ" అన్న పిలుపు ఆ కాగితం మీద ఎలాగూ లేదు. ఉన్నదల్లా ఒక గీత, దాని మీద ఇంకో గీత. ఇక ఈ జన్మలో అన్నయ్య తెలివిలో ఉండి తనతో మాట్లాడడని ఆవిడకి తెలిసిపోయింది. ఏడుపు కూడా రాలేదు. ఊరికే మంచం అంచున కూర్చుంది.

పక్కనున్న బల్ల మీద, కింద మందుల షాపులో కొన్న గొంతునొప్పి బిళ్ళల పట్టీ ఒకటి అన్నయ్యావాళ్ళు మరిచిపోయి వెళ్ళారు, అందులో రెండు బిళ్ళలు అప్పటికే చప్పరించేశాడు.