పేరుపండుగకు తెచ్చిన చేపలు

గ్రీసులోని కవాలా రేవులో స్త్రాతోస్ భోజనశాలకు గోడ పొడుగునా ఉప్పునీటి తొట్టి కట్టే పని దొరికినప్పుడు, అనెస్టిస్ లాభం కంటే ముందు తన దుకాణం గురించి లెక్క వేసుకున్నాడు. అతను పెంపుడు చేపలమ్మే గది స్త్రాతోస్‌ది. అద్దె గడువు ఆ డిసెంబరుతో తీరిపోతుంది. పొడిగించేదీ లేనిదీ తన పేరుపండుగ నాడు, అంటే తనకు పేరు పెట్టిన పునీతుడి రోజున, చెబుతానన్నాడు స్త్రాతోస్.

"ఆ రోజు రేవంతా నా ఇంట్లో ఉంటుంది. తొట్టి చూసి జనం నోరు తెరవాలి. నవ్వారో, నీ తాళంచెవి నా బల్లమీద పెట్టి పోవడమే."

"పులుల్ని ఒకే బోనులో పెట్టమంటున్నావన్నా. నేను చెప్పినట్టు నడవనిస్తే నవ్వరు."

"నడువు. ఎవరొద్దన్నారు?"

అనెస్టిస్ తొందరపడలేదు. రాళ్ళను ఇసుక మీద పేర్చలేదు, అడుగు గాజు మీదే ఆనించాడు. తవ్వే చేప ఇసుక తోడేస్తే గుట్ట కూలి గాజు పగులుతుంది. శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పు కలిపి, మలినాన్ని హరించే సూక్ష్మజీవులు పెరిగి నీరు పండేదాకా వారాల తరబడి ఖాళీ తొట్టినే నడిపించాడు. పాములాంటి ఈల్ చేప పాకి బయటికి రాకుండా మూతమీద బరువులు పెట్టాడు. మొదట ఈల్‌ను, తర్వాత విషపు ముళ్ళ సింహపుచేపను వదిలాడు. అందరికంటే పొగరుబోతు ట్రిగ్గర్ చేప. నల్లటి ఒంటిమీద తెల్లటి గుండ్రాలు, పసుపు పూసిన మూతి, గుల్లల్ని పటపట కొరికే పళ్ళు. దాన్ని చివర వదిలాడు. ముందు వదిలితే తొట్టంతా తనదే అనుకుంటుంది. వదిలే ముందు రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చాడు. పాతవాళ్ళకూ ఇల్లు కొత్తదైతేనే కొత్తవాడికి చోటు దొరుకుతుంది.

తొట్టి కుదురుకుంది. ట్రిగ్గర్ మాత్రం రోజంతా గాజు దగ్గరే ఉండేది. ఒక కన్ను అనెస్టిస్ మీద, ఇంకో కన్ను వెనక రాళ్ళమీద.

పండుగ దగ్గర పడేసరికి దుకాణంలో గిరాకీ పెరిగింది. పేరుపండుగకు ఎవరినీ పిలవరు. తలుపు తెరిచి కూర్చుంటారు, వచ్చినవాళ్ళు చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తారు, తెచ్చినదాన్ని వద్దనడం మొహమ్మీద కొట్టినట్టే. స్త్రాతోస్‌కి ఏం లోటని ఇవ్వాలి? తొట్టి ఉందిగా, చేపనిద్దాం అన్న ఆలోచన అందరికీ ఒక్కసారే వచ్చింది.

తాళ్ళకొట్టు ఫోటిస్ ముందొచ్చాడు. "కోపిష్టిదాన్ని ఇవ్వు. వాడికి తనలాంటిదే నచ్చుతుంది. ఎవరికీ చెప్పకు."

బేకరీ మెల్పో వచ్చింది. గుండ్రటి కళ్ళ బుడగచేప దగ్గర ఆగిపోయింది. "ఇదిగో, అచ్చం మా ఆయనే! తిన్నాక ఇలాగే ఉబ్బేవాడు పాపం. దీన్ని కట్టు."

"పిన్నీ, తొట్టిలో చోటు లేదు."

"నాకు అమ్మనంటావా? బస్సెక్కి తెస్సలోనికీ పట్నం పోయి తెచ్చుకుంటా."

అనెస్టిస్ లెక్క వేశాడు. తను అమ్మకపోతే ఎక్కడో రోగపు చేపను కొని తెస్తారు, ఆ రోగం తొట్టంతటికీ అంటుకుంటుంది. తనే అమ్మి, వంటగది వెనక పెద్ద టబ్బు సిద్ధం చేసుకుంటే, వచ్చినదాన్ని వచ్చినట్టు అందులో వదిలి, పండుగ చల్లారాక దుకాణానికి పట్టుకుపోవచ్చు. అమ్మిన సరుకే తిరిగి చేతికొస్తుంది. ఇంతకంటే మంచి బేరం ఉందా? వచ్చినవాళ్ళందరికీ అమ్మాడు.

పండుగ నాడు మధ్యాహ్నానికి భోజనశాల కిక్కిరిసింది. కాల్చిన ఆక్టోపస్ వాసన, సిపురో సారా గ్లాసుల చప్పుడు, "నూరేళ్ళు బతుకు స్త్రాతోస్!" అన్న అరుపులు. అనెస్టిస్ గుమ్మంలో నిలబడి చేపలున్న నీళ్ళ సంచుల కోసం చెయ్యి చాచాడు.

"ఇటివ్వండి, వెనక పెడతా."

"వెనకెందుకురా?" స్త్రాతోస్ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "నా కానుకల్ని దాచిపెడతావా? అందరి ముందూ వదులుతా."

"అన్నా, వద్దు. చంపేస్తుంది."

"ఏది?"

అనెస్టిస్ ట్రిగ్గర్ వైపు చూపించాడు. స్త్రాతోస్ నవ్వాడు. మూతమీది బరువులు తీసి పక్కన పెట్టించి, ఒక్కొక్క సంచీ విప్పి తొట్టిలో గుమ్మరించాడు. జనం చప్పట్లు కొట్టారు.

కాసేపు ఏమీ కాలేదు. ట్రిగ్గర్ రాళ్ళ సందులో దూరి కదలకుండా ఉంది. "మీ పులి నిద్రపోతోందిరా," అన్నాడు ఫోటిస్. అప్పుడు గాజు లోపలి నుంచి గొణిగినట్టు టకటకమని చప్పుడు వచ్చింది. బల్లల దగ్గరి మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ట్రిగ్గర్ దూసుకొచ్చింది. ముందు ఫోటిస్ చేప తోక పోయింది. తర్వాత మిగిలింది పోయింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల కూడా తిప్పుకోలేదు. ఒకడు గ్లాసు పట్టుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వెనక ఉన్నవాళ్ళు బల్లలెక్కారు.

అనెస్టిస్ వల ముంచి అందినదాన్ని పైకి తీశాడు. మెల్పో బుడగచేప. నిలువెల్లా ఉబ్బి, గుండ్రటి కళ్ళతో వలలో ఊగుతోంది.

"ఏరా, అదేం పని?" స్త్రాతోస్ గొంతు పెంచలేదు.

"ఇదొక్కటైనా దక్కనీ అన్నా."

"చుట్టూ చూడు. నేనీ చోటు తెరిచాక ఇంత నిశ్శబ్దంగా జనం కూర్చున్నది ఎప్పుడైనా చూశావా? నోరు తెరిచారా లేదా?" భుజమ్మీద చెయ్యి వేశాడు. "గది నీదేరా. ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక చేప తీసుకురా, చాలు. ఊరికే వద్దు, కొంటాను. ఇప్పుడు దాన్ని లోపల వెయ్యి."

మెల్పో ఇటే చూస్తోంది. వద్దనలేదు.

అనెస్టిస్ లెక్క వేశాడు. గది ఉంటుంది. గిరాకీ ఉంటుంది. నష్టమెక్కడో వెతికితే దొరకలేదు. వల తిరగేశాడు.

శనివారం పొద్దున దుకాణం తెరిచి, చిన్న వల చేత్తో పట్టుకుని తొట్ల వరస వెంట నడిచాడు. మేత తెచ్చాడనుకుని చేపలన్నీ గాజు దగ్గరికి వచ్చేశాయి.