మూడు మడతల రొట్టె

ఆటో మళ్లీ ఆగకుండానే పోయింది.

రొట్టెలక్క చూపు పెనం మీదే ఉంది గానీ, చెవి మాత్రం ఆ ఆటో వెంట మలుపు దాకా వెళ్లి వచ్చింది. వీధిలో ఎన్ని ఆటోలు తిరిగినా తన మొగుడి ఆటో ఏదో ఆమెకు తలెత్తి చూడక్కర్లేదు. దాని ఇంజను ముసలివాడిలా మధ్యమధ్యలో దగ్గుతుంది. వెనక సీట్లో టోపీ పెట్టుకుని, ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చున్నావిడ ఇటువైపు తొంగి చూసింది కూడా. ఏం లాభం, నడిపేవాడు ఆపితే కదా.

ఆ టోపీ ఆవిడ ఊరూరా తిరిగి, వీధి బళ్ల మీద దొరికే తిండి తిని, పుస్తకాలు రాస్తుంది. ఈ ఊళ్లో మూడు రోజులుంటుంది. ఎన్ని బళ్ల దగ్గర తిన్నా, ఊరికి ఒక్క బండి గురించే ఫొటో వేసి మరీ రాస్తుంది. స్టేషన్ బయట ఆవిడ ఎక్కింది తన ఆటోయేనని, మూడు రోజులకీ మాట్లాడుకుందని, మొదటి రోజు సాయంత్రం ఇంటికి రాగానే ఆయనే చెప్పాడు.

"ఇవాళ ఎక్కడెక్కడ తిప్పావేంటి?" అంది రొట్టెలక్క, పిండి తడుపుతూ, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"స్టేషన్ ముందు నూడుల్స్ బండి. బడి గోడ పక్కన సూప్ బండి. ఆ తర్వాత మన వీధిలో మొక్కజొన్న పిన్ని దగ్గర."

"పిన్ని బండి నాకు నాలుగు బళ్ల అవతలే."

"అవును."

"అవునంటావేంటి?"

"నాలుగు బళ్లే కదా. అందుకే అవునన్నాను."

ఆమె పిండి ముద్దను ఇంకో రెండు గుద్దులు ఎక్కువ గుద్దింది. ఆయనకి అర్థం కాలేదో, అర్థమై ఊరుకున్నాడో, ఇన్నేళ్ల కాపురంలో ఆమె తేల్చుకోలేకపోయిన విషయాల్లో అదొకటి. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఎర్రదీపం దగ్గర ఆగే మనిషి. ఒకసారి ఒక మాట చెబితే, చెప్పినవాళ్లు మరిచిపోయినా ఆయన మరిచిపోడు.

ఆ మాట చెప్పింది ఆమే. చిక్కంతా అక్కడే ఉంది.

తొమ్మిదేళ్ల క్రితం, బండి పెట్టిన కొత్తలో, ఆయన తన ప్యాసింజర్లను తెచ్చి పెనం ముందు దింపేవాడు. ఆకలిగా ఉందని ఎవరన్నా అంటే చాలు, ఆటో తిన్నగా ఇక్కడికే వచ్చేది. ఒకరోజు వీధి చివర చేపలు వేయించే బాబాయి పదిమందిలో అననే అన్నాడు. "నీకేంటమ్మా, మీ ఆయన ఆటో తిరిగినన్నాళ్లూ నీ పెనం చల్లారదు. మేమంటే చేతిలో రుచి ఉండి బతకాలి." అందరూ నవ్వారు. రొట్టెలక్క కూడా నవ్వింది. ఇంటికెళ్లి మాత్రం, చెప్పులైనా విప్పకుండా మొగుడితో అంది, "ఇకమీదట నీ ప్యాసింజర్ ఒక్కడు కూడా నా బండి దగ్గర దిగడానికి వీల్లేదు. తినేవాళ్లుంటే వాళ్ల కాళ్ల మీద వాళ్లు నడిచి వస్తారు."

"సరే" అన్నాడు ఆయన.

ఆ సరే అన్నది తొమ్మిదేళ్లు నిలిచింది. వాళ్ల కాళ్ల మీద వాళ్లు నడిచి వచ్చినవాళ్లతోనే ఆమె పెనం కాలుతూ వచ్చింది. ఆ గర్వం ఆమెకి లేకపోలేదు. కానీ ఊరికి ఒక్క బండి గురించే రాసే ఆవిడ తన మొగుడి ఆటోలోనే, తన ముందు నుంచే పోతుంటే లోపల మిరపకాయ నలిపినట్టుంది. "రేపు ఇటు తీసుకురా" అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే పీట వేసుకుని కూర్చుంది. తీసుకొస్తే, బాబాయి అన్నదే నిజమవుతుంది కదా.

రెండో రోజు కూడా ఆటో దగ్గుకుంటూ వచ్చింది, దగ్గుకుంటూ పోయింది. అయితే ఆ సాయంత్రం ఆయన టిఫిన్ డబ్బా పీట మీద పెడుతూ అన్నాడు, "ఇందులో సగం ఆవిడ తింది."

రొట్టెలక్క చేతిలో గ్లాసు అలాగే ఆగింది. "ఎవరావిడ?"

"టోపీ ఆవిడ. నిన్న కూడా తింది. చెట్టు కింద ఆపుకుని మధ్యాహ్నం తింటుంటే, వాసన బాగుంది, ఒక ముక్క పెడతారా అంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే పెట్టకుండా ఎలా తింటాం?"

"తిని ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"ఇంకొకటి ఉందా అంది."

రొట్టెలక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. అక్కడ చూడ్డానికేమీ లేదు, క్యాలెండరు తప్ప. అటే చూస్తూ, "ఎవరు చేశారని అడగలేదా?" అంది.

"అడిగింది. ఇంట్లో అని చెప్పాను."

"ఇంట్లో అన్నావా? ఇంట్లో ఎవరు, పిల్లి చేసిందా?"

"మీ ఇంటికి వస్తాను, కూర్చోబెట్టి పెడతారా అని కూడా అడిగింది. మా ఇంటావిడ ఒప్పుకోదని చెప్పాను. నువ్వే కదే ప్యాసింజర్లను తేవద్దన్నావు."

ఇలాంటి మనిషిని ఏమని తిట్టాలి? తిట్టడానికి ఆయన చేసిన తప్పేముంది? మర్నాడు పొద్దున డబ్బాలో రెండు రొట్టెల బదులు నాలుగు పెట్టింది. ఆయన మూత తీసి చూసి, ఆమె వైపు చూశాడు.

"ఈ మధ్య చిక్కిపోయావు" అంది ఆమె. ఆయన చిక్కలేదు. చొక్కా గుండీలు చూస్తేనే తెలుస్తుంది.

మూడో రోజు. ఆవిడ రైలు సాయంత్రం ఐదింటికి.

ఆ వీధికి ఒక అలవాటుంది. మధ్యాహ్నం మూడు దాటాక జనం పలచబడతారు. అప్పుడు బళ్లవాళ్లంతా తమ మూకుళ్ల మీద మూతలు పెట్టి, ఎవరి పళ్లెం వాళ్లు చేత్తో పట్టుకుని రొట్టెలక్క దగ్గరికి వస్తారు. ఎవరూ పిలవరు, ఎవరూ చెప్పరు. మొక్కజొన్న పిన్నిది నీలి పువ్వుల పళ్లెం. నిమ్మరసం తాతది అంచులేని పళ్లెం. చేపల బాబాయి పళ్లానికి ఒక పక్క సొట్ట. ఆ సొట్టలో అదనంగా వేసే పచ్చడి నిలుస్తుందని, ఆయన రోజూ ఆ పక్కే ముందుకు చాపుతాడు.

రొట్టె చెయ్యడానికి ఆమెకి ఒక పద్ధతి ఉంది. తడిగుడ్డ కింద నానిన పిండిని చేత్తోనే పలచగా సాగదీస్తుంది. పెనం మీద వేసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, గుడ్డు కొట్టి, ఒక్కసారే తిప్పుతుంది. అట్లకాడతో నొక్కదు. దింపాక వెంటనే ఇవ్వదు. పక్కన పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా ముప్పై లెక్కపెడుతుంది. అప్పుడుగానీ నిప్పుల మీద కాల్చిన టొమాటో, వెల్లుల్లి రోట్లో నూరిన పచ్చడి రాయదు. "ఊపిరి తీసుకోనివ్వాలి" అంటుంది, రొట్టె ఏదో పరుగెత్తి వచ్చినట్టు. చివరికి మూడు మడతలు వేసి, అంచుని లోపలికి దోపుతుంది. తలకిందులు చేసినా చుక్క కారదు.

ఆ రోజు మూడున్నరకి పిన్ని వచ్చింది, తాత వచ్చాడు. బాబాయి మాత్రం రాలేదు. రొట్టెలక్క వీధి చివరికి చూసింది. చేపల బండి ముందు ఆటో ఆగి ఉంది. టోపీ ఆవిడ నిలబడి చేప తింటోంది. అయితే ఈ ఊరి పేజీ చేపలదేనన్నమాట. పోనీలే, బాబాయి చేపలు నిజంగానే బాగుంటాయి. మనసులో ఆ మాట అనుకోవడానికి ఆమెకి చాలా కష్టమైంది, అయినా అనుకుంది.

అంతలో బాబాయి మూత పెట్టి, సొట్ట పళ్లెం తీసుకుని బయల్దేరాడు. నాలుగడుగులు వెనకగా టోపీ కూడా బయల్దేరింది. ఆటో మాత్రం అక్కడే ఉండిపోయింది.

బండి దగ్గరికి వచ్చేసరికి బాబాయి వెనక్కి తిరిగి అంటున్నాడు, "ఏంటమ్మా, నా వెంటే వచ్చేస్తున్నారు?"

"అంత రుచిగా చేపలు వేయించే మనిషి, అవి వదిలేసి ఖాళీ పళ్లెం పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నాడో చూద్దామని" అంది ఆవిడ.

"పొద్దుటి నుంచీ నేను వాటి మొహం చూస్తున్నాను, అవి నా మొహం చూస్తున్నాయి. ఇద్దరికీ విసుగొచ్చిందమ్మా."

తాత నవ్వితే చేతిలో పళ్లెం వణికింది. టోపీ ఆవిడ మాత్రం నవ్వి ఊరుకోలేదు. వరసలో ఉన్న పళ్లేలన్నీ ఒక్కొక్కటిగా చూసింది, ఆ పళ్లేల వెనక మనుషులని చూసింది. చూసి, బాబాయి వెనక వరసలో నిలబడింది.

రొట్టెలక్క కొట్టిన గుడ్డు మొదటిసారి పక్కకి జారి పెనం అంచున కాలిపోయింది. ఆ రొట్టె తీసి తన కోసం పక్కన పెట్టుకుని, కొత్త ముద్ద తీసింది.

"పై ఊరి మనిషి, ముందు ఆవిడకి ఇచ్చెయ్యకూడదూ?" అంది పిన్ని, గొంతు తగ్గించి.

"వరస ఉంది కదా పిన్నీ."

తాతకి ఇచ్చింది. పిన్నికి ఇచ్చింది. బాబాయికి సొట్ట వైపే ఇచ్చింది. అప్పుడు వచ్చింది ఆవిడ వంతు. పెనం మీంచి రొట్టె దింపి పక్కన పెట్టగానే ఆవిడ చెయ్యి చాపింది.

"నాకు రైలుందమ్మా. ఇచ్చేస్తావా?"

"ముప్పై అవ్వాలండీ."

"ఇప్పుడెంతయింది?"

"పదకొండు. మీతో మాట్లాడితే తప్పుతుంది."

ఆవిడ నోరు మూసుకుని నిలబడింది. ముప్పై అయింది. పచ్చడి రాసి, మూడు మడతలు వేసి, అంచు దోపి చేతిలో పెట్టింది రొట్టెలక్క. ఆవిడ వెంటనే తినలేదు. రొట్టెని అటు తిప్పి, ఇటు తిప్పి, దోపిన అంచుని వేలితో తడిమింది. తర్వాత ఒక ముక్క కొరికింది. నమిలింది. తలెత్తి వీధి చివర ఆటో వైపు చూసింది. ఆటోలో కూర్చున్న మనిషి అద్దం తుడుస్తున్నాడు. ఆ అద్దం అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

"ఈ మడత నాకు తెలుసు. మూడు రోజులుగా తింటున్నాను" అంది ఆవిడ.

బాబాయి నమలడం ఆపాడు. "మూడు రోజులుగానా? ఎక్కడ తిన్నారు? మిమ్మల్ని ఇక్కడ చూడలేదే."

"ఆటోలో. ఆయన డబ్బాలోది. ఎవరు చేశారంటే ఇంట్లో అంటాడు. అంతకుమించి నోరు విప్పడు."

"అంటే, అంటే మూడు రోజుల్లో ఒక్కసారి కూడా మిమ్మల్ని ఈ బండి దగ్గర దింపలేదా?"

"ముందు నుంచే పోయాం, రోజుకి రెండుసార్లు."

బాబాయి రొట్టెలక్క వైపు చూశాడు. ఆమె పెనం తుడుస్తోంది. ఆయన మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

"నేనన్న మాటకా అమ్మాయ్ ఇదంతా? ఎప్పటి మాట అది?"

"ఏ మాట బాబాయ్?"

"తెలీనట్టు అడక్కు."

బాబాయి పళ్లెం బండి అంచున పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు, ఏదో సంతకం పెట్టడానికి సిద్ధమైనట్టు.

"మీ పుస్తకం తియ్యండమ్మా. రాసుకోండి. ఈ వీధిలో పద్నాలుగు బళ్లున్నాయి. మిగతా పదమూడు బళ్లవాళ్లం తినేది ఇక్కడే. తొమ్మిదేళ్లుగా మమ్మల్ని ఎవరూ ఆటో ఎక్కించి తీసుకురాలేదు. మా కాళ్లే తీసుకొచ్చాయి. ఇది చేపలవాడు చెప్పాడని కూడా రాయండి."

"నా పేరూ కలపండి" అంది పిన్ని, నోటినిండా రొట్టెతో.

రొట్టెలక్క ఇంకా పెనమే తుడుస్తోంది. తుడవడానికి దాని మీద ఏమీ మిగల్లేదు. పొగేమీ రాకపోయినా కళ్లు మండాయి. కొంగుతో ఒత్తుకుని, నడుం తిన్నగా నిలబెట్టింది.

"ఏమని రాయమంటావు? ఆటో ఆయన భార్య అనా?" అంది టోపీ ఆవిడ, పెన్ను తీసి.

"రొట్టెలక్క అని రాయండి, చాలు."

"ఈ మడత ఎవరు నేర్పారు?"

తొమ్మిదేళ్లుగా ఈ బండి మీద మొగుడి ఊసు లేకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడు నాకే తోచిందని అన్నా, కాదనేవాళ్లు లేరు.

"ఎవరూ నేర్పలేదండీ. ఆయన కోసం వచ్చింది. పెళ్లైన కొత్తలో ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి రొట్టె మీద పెట్టుకుని తినేవాడు. రోజూ చొక్కా మీద మరకే. ఉతకలేక చచ్చేదాన్ని. కారకుండా ఎలా మడవాలా అని ఎన్ని రకాలుగా చూశానో. చివరికి ఈ మూడు మడతలు కుదిరాయి." పెన్ను వైపు చూసి అంది, "ఇది కూడా రాయండి. ప్యాసింజర్లని తేలేదు గానీ, మడత తెచ్చాడు."

ఆవిడ రాసుకుంది. బండిని, పెనాన్ని, వరసలో పళ్లేలని ఫొటో తీసింది. రొట్టెలక్కని నవ్వమంది గానీ, నవ్వు రాలేదు. గడ్డం మాత్రం కొంచెం పైకి లేచింది. అదే బాగుందంది ఆవిడ.

అప్పుడు రొట్టెలక్క వీధి చివరికి వినబడేలా పిలిచింది. "ఏమయ్యా, ఆ అద్దం అరిగిపోతుంది. ఇటు రా."

ఆటో దగ్గుకుంటూ వచ్చి, తొమ్మిదేళ్ల తర్వాత, బండి ముందు ఆగింది. ఆయన దిగి, భార్యనీ టోపీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "నేను తేలేదే. ఆవిడే నడిచి వచ్చింది" అన్నాడు.

"తెలుసులే. తిన్నావా?"

"డబ్బాలో నాలుగూ ఆవిడే తింది."

పిన్నికి పొలమారింది. టోపీ ఆవిడ పుస్తకం తెరిచి అందులో మొహం దాచుకుంది.

"అయితే వరసలో నిలబడు" అంది రొట్టెలక్క. అప్పుడే వచ్చిన చెప్పులు కుట్టే ఆయన వెనక వెళ్లి నిలబడ్డాడు ఆటో ఆయన. తన వంతు వచ్చాక, పక్కన పెట్టిన రొట్టె వైపు చూసి గొణిగాడు, "ఆవిడ రైలుకి టైమవుతోందే. తొందరగా ఇవ్వకూడదూ?"

ఆమె తలెత్తలేదు. పెదవులు కదులుతున్నాయి. పన్నెండు, పదమూడు.

"ఆగవయ్యా" అంది టోపీ ఆవిడ ఆటోలోకి ఎక్కి కూర్చుంటూ. "ముప్పై అవ్వాలి."